మడత కింది మాటలు

"రేపు ఎవరొచ్చి బాకా ఊదినా నేను తలుపు తియ్యను," అంది అమ్మ.

ఆ మాట గట్టిగా అనలేదు. పాలు అయిపోయాయి, తేవాలి అన్నంత మామూలుగా అంది. అందుకే నాకు భయం వేసింది.

గిన్నెలో బన్నుల పిండి పొంగి, అంచు దాటి బల్ల మీదికి జారుతోంది. రేపు పొద్దున తోరణం దగ్గర బాకా ఊది అమ్మానాన్నల్ని నిద్రలేపడానికి వచ్చే ఊరందరికీ కాఫీతో పెట్టాల్సిన బన్నులవి. అమ్మ ఆ పిండిని చూస్తూ కూర్చుంది. చెయ్యి మాత్రం వెయ్యలేదు.

వీధి గుమ్మం వైపు నుంచి సుత్తి దెబ్బలు వినపడుతున్నాయి. ఇరుగుపొరుగు అంతా కలిసి మా గుమ్మం చుట్టూ స్ప్రూస్ చెట్టు పచ్చి కొమ్మలతో తోరణం కడుతున్నారు. పైన బంగారు కాగితంతో యాభై అంకె, అమ్మానాన్నల పెళ్ళికి రేపటితో యాభై ఏళ్ళు. బయట ఎంత చప్పుడైనా లోపలున్న పెళ్ళివారు ఏమీ విననట్టే ఉండాలి, అది మర్యాద. ఆ మర్యాద మేం ఇంత బాగా ఎన్నడూ పాటించి ఉండం.

"అక్కా, ఇంత చదువు చదివింది ఇందుకేనా?" అన్నాడు ప్రేబెన్. మా తమ్ముడు. ట్రాక్టర్లు బాగుచేస్తాడు. ఏది చెడినా విప్పి, శుభ్రం చేసి, మళ్ళీ బిగించవచ్చని వాడి నమ్మకం.

"నాన్నని అడిగే రాశాను," అన్నాను.

"అడిగితే ఏమన్నాడు?"

"ఊ అన్నాడు."

"మీ నాన్న గాలి వీచినా ఊ అంటాడు," అంది అమ్మ.

జరిగింది ఇంతే. మా ఇళ్ళల్లో ఏ వేడుకైనా ఒక పాట ఉండాలి. అందరికీ తెలిసిన రాగానికి కొత్త మాటలు కట్టి, పెళ్ళివారి కథంతా చరణాల్లో చెప్పి, అచ్చు వేయించి, ప్రతి కంచం పక్కనా ఒక కాగితం పెడతారు. అందరూ కలిసి పాడతారు. ఊళ్ళో చాలాకాలం ఆ పాటలు రాసింది మా మారెన్ అత్త. నాన్నకి అక్క. ఇప్పుడు ఆవిడ వృద్ధాశ్రమంలో ఉంది, ఒక రోజు మనిషిని గుర్తుపడుతుంది, ఒక రోజు పట్టదు. ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనొక్కదాన్నే కాబట్టి, ఈ బంగారు పెళ్ళి పాట నా నెత్తిన పడింది.

పాట కోసం అమ్మ రేకు డబ్బా అడిగి తీసుకున్నాను. పెళ్ళికి ముందు అమ్మ సముద్రపాయ అవతల ఒక పాలకేంద్రంలో పనిచేసిన రెండేళ్ళూ నాన్న రాసిన ఉత్తరాలు అందులో ఉన్నాయి. పెళ్ళిలో తల మీద పెట్టుకున్న మిర్టిల్ కొమ్మ ఎండిపోయి ఉంది. ఉత్తరాల్లోంచి ఒక మాట తీసుకుని మొదటి చరణం కట్టాను. 'పాయ అవతల నీ కిటికీలో దీపం వెలిగితే, ఇవతల నా పొలానికి దారి కనిపిస్తుంది.' ఆ మాట మా ఇంట్లో అందరికీ వచ్చు. మా అమ్మ ఆ మాటకే ఈ ఊరు వచ్చింది.

సరిగా ఉందో లేదో వినిపిద్దామని మంగళవారం మారెన్ అత్త దగ్గరికి వెళ్ళాను. 'నీ కిటికీలో దీపం వెలిగితే' అని చదివి, కాగితం తిప్పడానికి ఆగాను. అత్త కిటికీలోంచి బయటికి చూస్తూనే మిగతాది పూర్తి చేసింది. తర్వాత, "దానికి నాకొక ఆదివారమంతా పట్టింది," అంది.

"దేనికి అత్తా?"

"ఆ మాట కుదరడానికి. మా తమ్ముడు లౌస్ట్‌కి మాటలు రావు కదా, పాపం. నేను చిత్తు కాగితం మీద రాసిస్తే, వాడు ఒక్కో అక్షరం చూసి బొమ్మ గీసినట్టు గీసేవాడు. ఒక్క ఉత్తరానికి వారం పట్టేది."

నాన్నకి అక్షరాలు నిలబడవని, చదవడం రాయడం కష్టమని మాకు తెలుసు. పేపరు అమ్మ చదివి వినిపిస్తుంది. కాగితం ఏది వచ్చినా, "కళ్ళజోడు ఎక్కడో పెట్టాను" అంటాడు. కానీ ఉత్తరాల సంగతి మాకు తెలియదు. అమ్మకి కూడా తెలియదు.

ఇంటికొచ్చి నాన్నని అడిగాను. కోళ్ళకి గింజలు వేస్తున్నాడు. "అత్త పేరు కూడా పాటలో పెట్టనా నాన్నా? అమ్మకి తెలియాలి కదా?" అంటే, "ఊ" అన్నాడు. నేను మనస్ఫూర్తిగా నమ్మి చివరి చరణం కట్టాను.

'దీపం మాటలు నమ్మి వచ్చింది ఎల్నా మా ఊరికి,
ఆ దీపానికి నూనె పోసిన చెయ్యి మరొకటి;
తమ్ముడి మనసు అక్క కలమున పలికిన పాత కథ,
మారెన్‌కూ ఇవాళ చప్పట్లు కొడదామిక.'

అచ్చయి వచ్చిన కట్ట ఇవాళ మధ్యాహ్నం అమ్మ విప్పింది. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. నేను పెదవి దాటించకుండానే అచ్చు వేయించాను.

"చివరి చరణం తీసేసి మళ్ళీ వేయిద్దాం," అన్నాడు ప్రేబెన్. "స్కూల్లో యంత్రం ఉంది. నేను మాట్లాడతాను. గంట పని."

"కాగితం మీద తీసేస్తే నా తలలోంచి పోతుందా?" అంది అమ్మ.

వాడు నా వైపు చూశాడు. నేను పిండి వైపు చూశాను. లేచి, చేతులు కడుక్కుని, ఆ పిండిని పిసకడం మొదలుపెట్టాను. ఏదో ఒక పని చెయ్యాలి కదా.

అప్పుడే పెరటి తలుపులోంచి పక్కింటి గెర్దా పిన్ని తల పెట్టింది. జుట్టులో స్ప్రూస్ ఆకులు.

"ఎల్నా, మీ చిన్న నిచ్చెన ఒకటి కావాలి. ఎందుకని అడక్కు."

అమ్మ ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసింది. తర్వాత, "షెడ్డులో ఉంది, తీసుకో. ఎందుకో నాకెలా తెలుస్తుంది?" అంది.

"చప్పుడేమైనా వినపడుతోందా?"

"ఏం చప్పుడు? చెవులు పోయాయి గెర్దా నాకు. యాభై ఏళ్ళ నుంచీ పోయాయి."

గెర్దా పిన్ని పొట్ట పట్టుకుని నవ్వింది. "మీ అమ్మ భలే నటిస్తుంది బోదిల్. మా బంగారు పెళ్ళికి నేను ఇంత బాగా చెయ్యలేకపోయాను," అని నిచ్చెన తీసుకుని వెళ్ళిపోయింది.

ప్రేబెన్ కూడా ఆ వెనకే వెళ్ళాడు. గొడవలో ఉండటం కన్నా నిచ్చెన పట్టుకోవడం వాడికి సులువు.

అమ్మ డబ్బా దగ్గరికి లాక్కుంది. మూత తియ్యలేదు. మూత మీద అరిగిపోయిన పడవ బొమ్మని బొటనవేలితో రుద్దుతూ కూర్చుంది.

"మీ అత్తకి నేను ఇవి చదివి వినిపించాను. తెలుసా నీకు?" అంది.

"మారెన్ అత్తకా?"

"పెళ్ళయిన మొదటి వేసవి. ఇదే వంటింట్లో. అప్పుడు ఆవిడ ఆ పక్క గదిలోనే ఉండేది కదా. నేనేం చేసినా ఆవిడకి వంక. కాఫీ పలచన, దుప్పటి అంచు వంకర. ఒకరోజు 'మా లౌస్ట్ లోపల ఏముందో నీకేం తెలుసు' అంది. నాకు ఒళ్ళు మండింది. ఈ డబ్బా తెచ్చి, ఆవిడ ఎదురుగా కూర్చుని, ఒక్కొక్కటీ పైకి చదివాను. చూడు, నీ తమ్ముడు ఎవరికి మనసు విప్పాడో చూడు, అన్నట్టు."

"అత్త ఏమంది?"

"గూస్‌బెర్రీలకి తొడిమలు తీస్తోంది. తలెత్తకుండా, 'బాగానే రాశాడు' అంది. మళ్ళీ తొడిమలు తీసుకుంది."

బయట సుత్తి ఆగింది. ఎవరో "ఇంకొంచెం ఎడమకి" అంటున్నారు.

"ఆవిడ ఆ రోజు ఒక్క మాట అని ఉంటే," అంది అమ్మ, "నేను ఆ రోజే పాయ దాటి వెళ్ళిపోయేదాన్నేమో. అది ఆవిడకి తెలుసు. నోరు కట్టుకుని కూర్చుంది. నేనేం చేశాను? నువ్వు పుట్టగానే గది కావాలన్నాను. ఆవిడ కుర్చీ ఒకటి, బట్టల పెట్టె ఒకటి సైకిల్‌కి కట్టుకుని, మిల్లు పక్కన అద్దె గదికి పోయింది. తలుపు దగ్గర కూడా నేను వెళ్ళి రమ్మనలేదు."

"అమ్మా, అది నీ తప్పు ఎలా అవుతుంది? నీకు తెలియదు కదా."

"తప్పూ ఒప్పూ నీ పుస్తకాల్లో వెతుక్కో. నేనొకటి చెబుతాను విను." అమ్మ గొంతు అలసిపోయి ఉంది. కోపం కూడా మిగల్లేదు అందులో. "ఉత్తరాల్లో అంతలేసి మాటలు రాసిన మనిషి, పెళ్ళయ్యాక నోరు విప్పడు. వానొస్తుంది అంటాడు. పాలలారీ టైరు పోయింది అంటాడు. ఊ అంటాడు. నేనేమనుకున్నానో తెలుసా? నా వల్లే అనుకున్నాను. ఈ వంటిల్లు, ఈ గిన్నెలు, నా సణుగుడు, వీటితో నేనే అతన్ని ఎండగట్టేశాననుకున్నాను. యాభై ఏళ్ళు అనుకున్నాను బోదిల్. ఆ దీపం మాట అన్న మనిషి మళ్ళీ ఒక్కసారి బయటికొస్తాడేమో అని చూశాను. లేని మనిషి కోసం చూశాను."

నేను చదివిన చదువులో ఈ చోటికి వచ్చే మాట ఒక్కటీ లేదు.

నాన్న పెరటి వైపు నుంచి వచ్చి, గుమ్మంలో బూట్లు విడిచాడు. చేతిలో గుడ్లు. వాటిని జాగ్రత్తగా గిన్నెలో పెట్టి, అమ్మ మొహం చూసి, అక్కడే నిలబడిపోయాడు.

"దీపం మాట నీదా, మీ అక్కదా?" అని అడిగింది అమ్మ.

నాన్న గుడ్ల గిన్నె కొంచెం జరిపాడు.

"నడుస్తుంటే మంచులో నీ పేరు వినపడింది అని రాశావే, అది?"

నాన్న గుమ్మంలో విడిచిన బూట్ల వైపు చూశాడు.

"పోనీ, మొత్తం రెండేళ్ళల్లో ఏదైనా ఒక్క మాట నీదుందా? ఒక్కటి చెప్పు. రేపు తలుపు తీస్తాను."

నేను నాన్న వైపు చూశాను. చెప్పు నాన్నా, ఏదో ఒకటి నాదే అను, ఎవరు చూడొచ్చారు, అనుకున్నాను. నాన్న నోరు కదిలింది. తర్వాత, మా చిన్నప్పటి నుంచీ మాకు తెలిసిన పద్ధతిలోనే, తిరిగి బూట్లు తొడుక్కున్నాడు.

"కోళ్ళ గూడు గడియ వెయ్యలేదు," అని వెళ్ళిపోయాడు.

"చూశావా?" అంది అమ్మ.

ఆ సాయంత్రం బన్నులు నేనే కాల్చాను. ఒక వైపు మాడాయి. అమ్మ తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. నాన్న వరండా గదిలో బల్ల మీద పడుకున్నాడు. వేడుకకి కుట్టించిన నీలం గౌను అలమరా తలుపుకి వేలాడుతూనే ఉంది. ప్రేబెన్ వెళ్తూ, "జనాన్ని రావద్దని చెప్పనా?" అని అడిగాడు. "అమ్మ చెప్పమంటే చెప్పు," అన్నాను. వాడు అమ్మని అడగలేదు. నేనూ అడగలేదు.

పొద్దున కాఫీ పెట్టాలని తొందరగా లేచాను. మే నెల కదా, అప్పటికే బాగా వెలుతురుగా ఉంది. వంటింట్లో నాన్న ఉన్నాడు.

నల్ల సూటు వేసుకున్నాడు. టై మెడలో ఉంది కానీ కట్టుకోలేదు. బల్ల మీద అమ్మ రేకు డబ్బా తెరిచి ఉంది. ఉత్తరాలన్నీ ఒకదాని పక్కన ఒకటి పరిచాడు. ఒక్కో కాగితం అడుగున ఒక పాత మడత ఉంది. ఇస్త్రీ చేసినంత గట్టి మడత. నాన్న ఆ మడతలని ఒక్కొక్కటిగా గోటితో విప్పుతున్నాడు.

"ఇవి ఎవరు మడిచారు?" అన్నాడు.

నేను దగ్గరికి వెళ్ళి చూశాను. పైన దిద్దినట్టున్న అక్షరాలు, ఎడం సరిగా చూసుకుని గీసినవి. మడత కింద వేరే రకం. వంకర టింకర, ఒకదాని మీద ఒకటి ఎక్కి, కొన్ని చోట్ల కొట్టేసి మళ్ళీ రాసి. డబ్బా తీసుకున్నప్పుడు నేను ఆ మడతలు విప్పను కూడా లేదు. ఏదో చిరునామా అనుకున్నాను.

"నాన్నా, ఇది ఎవరి రాత?"

నాన్న మెడ గోక్కున్నాడు. "అక్క ఇచ్చింది రాయడం అయ్యాక, కాగితం అడుగున కాస్త చోటు మిగిలేది. ఖాళీగా పంపడం బాగుండదు కదా."

"అందుకని?"

"అక్క పడుకున్నాక నేను కాస్త రాసేవాణ్ణి."

"చూసి రాశావా?"

"చూడ్డానికి ఏముంది? ఎవరూ రాసివ్వలేదు." ఒక కాగితం నా వైపు జరిపాడు. "ఇందులో దుంపల సంగతి ఉండాలి. చదువు."

అక్షరాలు కూడబలుక్కోవాల్సి వచ్చింది. నెమ్మదిగా చదివాను. "'బీట్ దుంపలన్నీ పీకేశాం. చేతులు పగిలాయి. నీ కాలు తగ్గిందా.'"

"పాలకేంద్రంలో మీ అమ్మ కాలి మీద డబ్బా పడింది," అన్నాడు నాన్న. "ఆ వారమంతా నాకదే ఆలోచన. అక్క దాన్ని రాయనంది. కాలు బాగుండదు ఉత్తరంలో, అంది."

వెనక నేల కిర్రుమంది. అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఇంట్లో వేసుకునే అంగీ, భుజాల మీద శాలువా. ఎప్పటి నుంచి ఉందో తెలియదు.

"ఆ మడతలు నేను పెట్టాను," అంది. "తొందరలో ఏదో గీకేశాడు, పోస్టుకి టైమైపోయి ఉంటుంది అనుకున్నాను, కూడబలుక్కుని చదవలేదు. అంత అందమైన ఉత్తరం కింద అదేం రాత అని సిగ్గేసింది. మారెన్‌కి చదివిన రోజు అది కనపడకూడదని మడిచాను."

పొయ్యి మీద నీళ్ళు కాగుతున్న చప్పుడు వినపడింది.

"ఇంకోటి చదువు," అంది అమ్మ.

చదివాను. "'నల్లావు ఈనింది. దూడ బతికింది. నువ్వుంటే చూసేదానివి.'"

"ఇంకోటి."

"'పడవ ఆగిపోయింది, పాయ గడ్డకట్టింది. ఆదివారం నడిచి వస్తాను.'"

అమ్మ కుర్చీ అంచు పట్టుకుంది. ఆ ఆదివారం కథ మాకు తెలుసు. నాన్న మంచు మీద పాయ దాటి వెళ్ళి, పాలకేంద్రం గుమ్మంలో నిలబడి, కనుబొమ్మలకి మంచు పట్టి, ఒక్క మాట కూడా అనకుండా కాఫీ తాగి, మళ్ళీ నడిచి వెనక్కి వచ్చాడు. ప్రతి పాటలోనూ అది వస్తుంది. అందరూ నవ్వుతారు.

"నువ్వు వస్తావని నాకు తెలియదు," అంది అమ్మ, నాన్నతో. "చెప్పకుండా వచ్చావనుకున్నాను. తుడుపుగుడ్డ చేతిలో పట్టుకుని నిలబడ్డాను, జుట్టు కూడా దువ్వుకోలేదు."

"చెప్పాను," అన్నాడు నాన్న. "అడుగున."

"నిన్న అడిగితే ఎందుకు చెప్పలేదు?"

నాన్న దుంపల కాగితం మడతని మళ్ళీ గోటితో నిమిరాడు. "నువ్వు అడిగింది మంచి మాటల గురించి," అన్నాడు.

అప్పుడే బయట బాకా మోగింది.

ఊళ్ళో ప్రతి వేడుకకీ బాకా ఊదే ఐనర్ బాబాయ్ మొదటి స్వరం ఎప్పుడూ కొంచెం పక్కకి పోతుంది. రెండోసారి సరిచేసుకున్నాడు. తర్వాత గుమ్మం అవతల జనం గొంతులు కలిశాయి. పొద్దుటి గొంతులు, నిద్ర వదలనివి. ఆడవాళ్ళ గొంతుల్లో గెర్దా పిన్నిది అన్నిటికంటే పైన. పాట రెండో చరణానికి వచ్చేసరికి తలుపు తెరుచుకోవాలి. పెళ్ళివారు చెయ్యీ చెయ్యీ పట్టుకుని తోరణం కిందికి రావాలి.

నాన్న లేచాడు. టై ముడి వెయ్యడం రాదు కాబట్టి దాన్ని తీసి జేబులో పెట్టుకున్నాడు. అమ్మ దగ్గరికి వెళ్ళి, మోచెయ్యి వంచి నిలబడ్డాడు.

అమ్మ ఆ చేతిని చూసింది. పట్టుకోలేదు. బల్ల దగ్గరికి వచ్చి, ఉత్తరాలన్నీ పోగుచేసి, మడతలు మళ్ళీ పడకుండా డబ్బాలో నిలువుగా పెట్టింది. మూత పెట్టింది. కొక్కానికి ఉన్న కోటు తీసి అంగీ మీదే వేసుకుంది.

"బోదిల్, కారు తాళాలు తే."

"అమ్మా, బయట అందరూ..."

"నాకు చెవులు పోయాయి. నిన్న చెప్పాను కదా."

తలుపు అమ్మే తీసింది. స్ప్రూస్ వాసన గుప్పుమంది. జనం మొహాలన్నీ ఒక్కసారి వెలిగి, అమ్మ బట్టలు చూసి అయోమయంలో పడ్డాయి. అమ్మ తోరణం కిందుగా ఒక్కతే నడిచింది. గెర్దా పిన్ని ముందు ఆగి, "బన్నులు ఉన్నాయి, ఒక వైపు మాడాయి. ప్రేబెన్ కాఫీ పోస్తాడు. తాగండి," అంది.

"మీరెక్కడికి ఎల్నా?"

"పని ఉంది."

ఐనర్ బాబాయ్ బాకా ఆపలేదు. ఆపమని ఎవరూ చెప్పలేదు. ప్రేబెన్ వేడుకకి ఎగరేసే జెండా తాడు పట్టుకుని, జెండాని సగం ఎత్తి ఆపేసి, నోరు తెరిచి చూస్తున్నాడు.

అమ్మ కారులో ముందు సీట్లో కూర్చుని డబ్బా ఒళ్ళో పెట్టుకుంది. నేను తాళం తిప్పాను. అద్దంలో చూస్తే నాన్న తోరణం కింద ఒంటరిగా నిలబడి ఉన్నాడు. బంగారు కాగితం యాభై సరిగ్గా ఆయన తల మీద. జనం పాడాలా ఆపాలా తెలియక తడబడుతున్నారు.

"వెళ్ళనా?" అన్నాను.

అమ్మ ముందుకే చూస్తోంది. వెళ్ళమనలేదు, ఆగమనలేదు.

నాన్న కదిలాడు. జనం మధ్య నుంచి, ఎవరివైపూ చూడకుండా, పాలలారీ దగ్గరికి నడిచినట్టు నడిచి వచ్చాడు. వెనక తలుపు తెరిచి కూర్చున్నాడు. భుజం మీద స్ప్రూస్ ఆకులు రాలి ఉన్నాయి.

మిల్లు వచ్చింది. మిల్లు పక్కన మారెన్ అత్త ఒకప్పుడు ఉన్న గది ఇప్పుడు గోదాము. అమ్మ అటు తల తిప్పి చూసింది.

"మడిచి చదివాను ఆవిడకి," అంది. "తమ్ముడు తనంతట తాను కూడా రాశాడని మారెన్‌కి ఇప్పటికీ తెలియదు. విప్పి చదవాలి. ఆ తర్వాత సంగతి ఆ తర్వాత."

"అమ్మా, మంగళవారం బాగానే ఉంది. ఇవాళ అత్త మనల్ని గుర్తుపడుతుందో లేదో," అన్నాను.

"గుర్తుపట్టకపోతే నేను చెబుతాను," అన్నాడు నాన్న వెనక నుంచి.

అమ్మ వెనక్కి తిరగలేదు. "నువ్వా? ఏం చెబుతావు?"

రోడ్డుకి రెండు పక్కలా పొలాలు, వాటి అవతల పాయ నీళ్ళు తెల్లగా. అమ్మ డబ్బా మూత మీద రెండు చేతులూ పెట్టుకుంది.

"ఆలోచించుకో," అంది. "ఇంకా సగం దారి ఉంది. ఈసారి రాసిపెట్టేవాళ్ళెవరూ లేరు."

నాన్న ఊ అనలేదు.